రివర్స్ తర్వాతి ఉత్తరంలో

ఏప్రిల్ 3

ఒరేయ్ చంటీ,

చేరాను. రైలు దిగాక డాక్టరమ్మ కారులో ఇంకా చాలా దూరం ప్రయాణం. "ఇంకెంత దూరమండీ?" అని అడిగిన ప్రతిసారీ ఆవిడ "దగ్గరేనండీ" అంది. ఇక్కడివాళ్ళ దగ్గర అంటే ఏమిటో అప్పటికి నాకు తెలీదు.

దీన్ని ఊరు అనడం మర్యాద కొద్దీ అనడమే. నాలుగు రోడ్లు కలిసే చోట ఒక పెట్రోలు బంకు, పశువుల దాణా అమ్మే కొట్టు, మా పళ్ళ ఆసుపత్రి. అంతే. ఇళ్ళు లేవని కాదు. ఎవరో సంచినిండా ఇళ్ళు పోసుకుని పోతుంటే సంచికి చిల్లు పడి, దారి పొడుగునా ఒక్కొక్కటే జారిపోయినట్టు ఉన్నాయి. బస్సు ఎప్పుడొస్తుందని బంకులో అడిగాను. ఆయన నావైపు జాలిగా చూసి కూర్చోమని కుర్చీ వేశాడు.

పని మాత్రం నాకు నచ్చింది. నా బల్ల కిటికీ పక్కనే. మైనం కరిగించే దీపం, ప్లాస్టర్ కలుపుకునే రబ్బరు గిన్నె, అన్నీ కొత్తవి. వచ్చిన మర్నాడే ఒక కట్టుడు పళ్ళ పైసెట్టు మొదలుపెట్టాను. పడుకోవడం వెనక గదిలో. మూడు గోడలకీ అరలు, అరల్లో పేషెంట్ల దవడల అచ్చులు. లైటు తీసేముందు అందరూ కలిసి నన్ను చూసి నవ్వుతారు.

అయితే వచ్చే నెలాఖరుకి ఆ గదిలోకి కొత్త ఎక్స్‌రే మిషను వస్తుందట. ఈలోపు ఇల్లు చూసుకోవాలి. "మీలాంటి పనిమంతురాలిని వదులుకోవడం నాకిష్టం లేదండీ. కానీ ఇల్లు దొరక్కపోతే ఏం చేయను చెప్పండి?" అంది డాక్టరమ్మ. ఆవిడ ఇల్లు ఎటో అవతలి వైపు. రోజూ నన్ను తెచ్చి దింపడం కుదరదు.

బంకు మీద ఒక గది ఖాళీగా ఉంది. అద్దె వింటే నాకు కళ్ళు తిరిగాయి. నగరంలో మన వీధిలో కూడా అంత లేదు. ఆసుపత్రికి నడిచి వెళ్ళగలిగిన గది అదొక్కటే కాబట్టి ఆయన ఎంతైనా అడగొచ్చు. తక్కువ అద్దె ఇళ్ళన్నీ దూరం. వాటికి ఫోను చేస్తే ఎన్ని గదులు కావాలని గానీ, ఎంతమంది ఉంటారని గానీ ఎవరూ అడగరు. ఒకటే ప్రశ్న. "కారుందా?"

నీ గొంతు ఎలా ఉంది? ముప్పై ఏళ్ళు స్టూడెంట్ల మీద అరిచినందుకు మూడు నెలలు నోరు తెరవొద్దని డాక్టరు చెప్పాడట కదా. మరదలు ఫోనులో చెబుతూ సంతోషం దాచుకోలేకపోయింది. నీకు నోరు లేదు, నా సెల్లుకిక్కడ సిగ్నలు లేదు, ఆసుపత్రి ఫోనులో రెండు మాటలకి మించి కుదరదు. ఉత్తరాలే రాసుకుందాం.

ఆశీస్సులతో,
అక్క


ఏప్రిల్ 11

అక్కా,

ముందు ఒక మాట. కవరు మీద "చంటి" అని రాయకు. ఉత్తరం డ్రైవింగ్ స్కూలుకి వస్తోంది. నాకు యాభై ఏళ్ళొచ్చాయి, బోర్డు మీద నా పేరు కింద ప్రిన్సిపాల్ అని ఉంది. నిన్న ఒక స్టూడెంటు కవరు తెచ్చి ఇచ్చి, "సార్, మీ బాబుకి ఉత్తరం వచ్చింది" అన్నాడు.

నోరు మూసుకుని పాఠం చెప్పడం ఎంత కష్టమో నీకు తెలీదు. గరిటె పట్టుకుని పక్క సీట్లో కూర్చుంటున్నాను. డాష్‌బోర్డు మీద ఒకసారి కొడితే బ్రేకు, రెండుసార్లు కొడితే క్లచ్చు. మొన్న డాష్‌బోర్డు మీద దోమ వాలింది. కొట్టాను. నడుపుతున్న అమ్మాయి కారుని నడిరోడ్డు మీద ఆపేసింది. వెనక లారీవాడు అన్న మాటలు నేను తిరిగి అనలేకపోయాను. నా జీవితంలో అంత బాధ ఎప్పుడూ పడలేదు.

నువ్వెందుకు వెళ్ళిపోయావో నాకు తెలుసు. మేడమీద గది గురించి మీ మరదలు ఏదో అంది, నువ్వు విన్నావు. ఆవిడ మాటలు పట్టించుకోకు. నగరంలో నువ్వు పనిచేసే క్లినిక్ మూసేస్తే మాత్రం, నేను లేనా? ఆ గది నీదే. నీ మంచం, నీ కుర్చీ, నీ అద్దం, ఎక్కడివక్కడే ఉన్నాయి. కోపం తగ్గగానే వచ్చెయ్. కారు లేకుండా అడుగు వెయ్యలేని చోట, స్టీరింగు ముట్టుకోవాలంటేనే వణికే నువ్వు ఏం చేస్తావు?

నీ తమ్ముడు
(పేరు రాయను, నీకు తెలుసు)

వదినా, మంచం ఎక్కడిదక్కడే ఉన్న మాట నిజమే. దాని మీద ఇంజను బొమ్మల చార్టు పరిచారు, చుట్టూ కుర్చీలు వేశారు. రోజూ సాయంత్రం అక్కడ క్లాసు. మాట లేకుండా క్లాసేమిటని నన్నడగొద్దు. మీరు అక్కడ గట్టిగా ప్రయత్నించి మంచి ఇల్లు చూసుకోండి. ఇది కోపంతో కాదు, ప్రేమతో చెబుతున్నాను. – మరదలు


ఏప్రిల్ 19

శ్రీ చంటిగారికి,

ప్రిన్సిపాల్ అని కూడా రాద్దామనుకున్నాను, కవరు మీద చోటు చాలలేదు.

ఇళ్ళు చూస్తున్నాను. నన్ను తిప్పేది ఇక్కడ ఉత్తరాలు పంచే ఆవిడ. నేను పోస్టమ్మ అంటాను. సెలవు రోజున ఆవిడ జీపులో ముందు సీటు నాది, ఒళ్ళో పార్సిళ్ళు. ఎవరింట్లో గది ఖాళీ అయిందో ఆ ఇంటివాళ్ళకన్నా ముందు ఆవిడకి తెలుస్తుంది.

మొదటి ఇల్లు చూడగానే మనసు పారేసుకున్నాను. రెండు గదులు, పెద్ద వంటిల్లు, అద్దె తక్కువ. వంటింట్లో పొయ్యి పక్కన బుట్టలో ఒక కోడి పొదిగి ఉంది. "అది లేచేదాకా పొయ్యి వెలిగించకూడదమ్మా" అన్నాడు ఇంటాయన. "ఎప్పుడు లేస్తుంది?" అన్నాను. "ఇది లేవగానే ఇంకోటి కూర్చుంటుంది" అన్నాడు.

రెండోది గోదాము మీద గది. గాలి, వెలుతురు, మంచి కిటికీలు. మెట్లు లేవు. "వచ్చే ఏడు కట్టిస్తా. అప్పటిదాకా నిచ్చెన ఉందిగా" అన్నాడు. ఆ నిచ్చెన కూడా ఆయన పొద్దున పనికి తీసుకెళ్ళి సాయంత్రం తెస్తాడట.

మూడోది తేనెటీగలు పెంచే పెద్దాయన ఇల్లు. సగం ఆయనది, సగం అద్దెకి. మధ్యలో గోడ లేదు. తాడు కట్టి దుప్పటి వేస్తానన్నాడు. మనిషి నెమ్మదస్తుడు. నేను ఇక్కడికొచ్చాక చేసిన మొదటి పైపళ్ళ సెట్టు ఆయనదే. పైగా రోజూ తేనె అమ్మడానికి ఇటే వస్తాడు కాబట్టి నన్ను ఆసుపత్రి దగ్గర దింపుతాడు. ఇప్పటిదాకా చూసినవాటిలో ఇదే నయం. ఆలోచిస్తున్నాను.

దోమని కొట్టిన సంగతి డాక్టరమ్మకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి ఒక పేషెంటు నోట్లో దూది మర్చిపోయింది.

ఆశీస్సులతో,
అక్క


ఏప్రిల్ 25

అక్కా,

ఇంకేం ఆలోచించకు. వెంటనే వద్దని చెప్పెయ్. మగాడితో, గోడ లేని ఇంట్లో, దుప్పటి అడ్డం పెట్టుకుని ఉంటావా? ఆయన పళ్ళు నువ్వు చేశావు, సరే. బుద్ధి కూడా నువ్వే చేశావా? రేపు గాలికి దుప్పటి లేస్తే? తేనెటీగలు ఇటొస్తే? ఆయన మంచివాడే అనుకుందాం, మంచివాళ్ళందరి ఇళ్ళలోనూ ఎవరైనా అద్దెకుంటారా?

నేను అరవలేకపోతున్నాను కాబట్టి పై పేరా అంతా పెద్ద అక్షరాలతో రాశాను. గమనించు.

ఇదంతా ఆ గది గురించి పంతమే కదా. నాకు అర్థమవుతోంది. ఇంటికి రా.

తమ్ముడు

వదినా, ఈయన రెండు రోజులుగా భోజనం సగంలో వదిలేసి లేచిపోతున్నారు. తేనెటీగలాయన సంగతి నిజమైతే నాకు ముందే చెప్పండి, చీర కొనుక్కోవాలి. – మరదలు


మే 2

ఒరేయ్ చంటీ,

నీ పెద్ద అక్షరాలు అందాయి. అవి వచ్చేసరికే తేనెటీగలాయన అద్దెకిస్తానన్న సగంలోకి తన చెల్లెల్ని తెచ్చుకున్నాడు. మరదల్ని చీర డబ్బులు దాచుకోమను.

ఇల్లు దొరికిందిరా! మూతపడ్డ పాలకేంద్రం పక్కన రెండు గదులు. నీళ్ళు ఉన్నాయి, గోడలు ఉన్నాయి, నాలుగూ ఉన్నాయి. అద్దె ఆ బంకు గది అద్దెలో మూడో వంతు. అంత తక్కువ ఎందుకని పోస్టమ్మని అడిగితే, "వెళ్ళి ఆవిడనే అడుగు" అంది.

ఓనరమ్మ ఒంటరి మనిషి. ఒకప్పుడు పాల వ్యాను నడిపేదట, ఈ చుట్టుపక్కల ప్రతి గుంతా ఆవిడకి తెలుసు. ఇప్పుడు చూపు తగ్గింది. ఎదురుగా ఉన్న మనిషి ఆడో మగో గొంతు విని చెబుతుంది. షెడ్డులో కారుంది. అద్దెకి వచ్చేవాళ్ళు వారానికోసారి ఆవిడని కొట్టుకీ, కళ్ళ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళాలి. మిగతా రోజులు కారు వాళ్ళే వాడుకోవచ్చు. అందుకే అద్దె తక్కువ.

"కారు నడపడం వచ్చా?" అంది.

"మా తమ్ముడిది డ్రైవింగ్ స్కూలండీ" అన్నాను.

"ఎన్నాళ్ళుగా?"

"ముప్పై ఏళ్ళుగా."

"అయితే ఇంకేం" అంది.

ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు! ఆవిడ తాళాలు నా చేతిలో పెట్టి, "ఒకసారి కూర్చుని చూడు" అంది. తలుపు తీసి కూర్చున్నాను. సీటు మెత్తగా ఉంది. కాసేపటికి చూసుకుంటే నా ముందు స్టీరింగు లేదు. అది పక్క సీటు ముందుంది. "ఇటువైపు కిటికీ సరిగ్గా దిగుతుందా అని చూస్తున్నానండీ" అన్నాను. "దిగుతుంది" అంది ఆవిడ.

ఎల్లుండి సామాను చేర్చేస్తున్నాను. పోస్టమ్మ కొన్నాళ్ళు నన్ను ఆసుపత్రికి తీసుకెళతానంది, ఎక్కువ రోజులు కుదరదని కూడా అంది. ఇంటి వెనక ఆవిడ పొలం బీడుగా ఉంది, గట్టి నేల, చెట్టూ చేమా లేవు. నువ్వు పాఠం రాసి పంపు. ఎలా మొదలుపెట్టాలో, ఎలా ఆపాలో రాయి. త్వరగా.

ఇంకో సంగతి. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ కోపం, పంతం అంటున్నావు. నాకెవరి మీదా కోపం లేదు. క్లినిక్ మూసేశాక మీ మేడమీద కూర్చుంటే, పొద్దున లేచి చేతులతో ఏం చెయ్యాలో తోచక వంటింట్లో డబ్బాలన్నీ మార్చి సర్దేదాన్ని. మరదలు ఉప్పు కోసం ఇల్లంతా వెతికేది. నాకు పళ్ళు చెయ్యడం వచ్చు. అది చెయ్యడానికి వచ్చాను. అంతే.

ఆశీస్సులతో,
అక్క


మే 8

అక్కా,

నువ్వు కోపంతో వెళ్ళలేదని రాసిన పేరా నాలుగుసార్లు చదివాను. నమ్మేశాను. ఉప్పు సంగతి మీ మరదలు కూడా ధ్రువీకరించింది.

అబద్ధం మాత్రం ఆడావు. తిన్నగా కూర్చుని ఆడావు, అదీ తప్పు సీట్లో. నిజం చెప్పెయ్ అని రాద్దామనుకున్నాను. కానీ ఉత్తరం ద్వారా డ్రైవింగ్ నేర్పినవాడు ఇప్పటిదాకా ఎవరూ ఉండరని తట్టింది. కాబట్టి శ్రద్ధగా చదువు.

కాళ్ళ దగ్గర మూడు పెడల్స్. ఎడమది క్లచ్చు, మధ్యది బ్రేకు, కుడిది యాక్సిలరేటరు. ఎడమకాలు క్లచ్చుకి మాత్రమే, కుడికాలు మిగతా రెండింటికీ. క్లచ్చు పూర్తిగా తొక్కి, తాళం తిప్పి, ఇంజను మొదలయ్యాక గేరు రాడ్డుని ఒకటో నంబరులోకి తొయ్యి. ఇప్పుడు అసలు కీలకం. కుడికాలు మెల్లగా నొక్కుతూ ఎడమకాలు మెల్లగా వదులు. ఎంత మెల్లగా అంటే, నిద్రపోతున్న పసిపిల్ల కింద నుంచి చెయ్యి లాక్కుంటాం చూడు, అలా. కారు వణుకుతుంది. నువ్వు వణకకు. కదులుతుంది. ఆపాలంటే క్లచ్చు, బ్రేకు రెండూ తొక్కు.

రెండో గేరు, మూడో గేరు వేరే కాగితం మీద రాసి జతచేశాను. బొమ్మ మీ మరదలు వేసింది, అందుకే గేరు రాడ్డు పూలకుండీలా ఉంది.

క్లాసుకి టైమైంది. రివర్స్ తర్వాతి ఉత్తరంలో రాస్తాను.

తమ్ముడు


మే 16

ఒరేయ్ చంటీ,

కారు కదిలింది! పసిపిల్ల మాట భలే పనిచేసింది. మొదటి రోజు ఆ పసిపిల్ల చాలాసార్లు లేచి ఏడిచింది, కానీ సాయంత్రానికి పొలం చుట్టూ ఒక చుట్టు వేశాను. మర్నాడు రెండో గేరు కూడా వేశాను.

మొదట్లో కారు బరువుగా, మూలుగుతూ కదిలేది, మాడు వాసన కొట్టేది. పాతకారు కదా, దాని తత్వమే అంత అనుకున్నాను. రెండో రోజు ఓనరమ్మ వాసన చూసుకుంటూ పొలంలోకి వచ్చింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి, నా పక్కనున్న ఒక కర్రలాంటి దాన్ని కిందకి దించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కారు వెన్నలా పోయింది. అదేమిటో నువ్వు రాయలేదు. ఆవిడకి మాత్రం అనుమానం రాలేదనుకుంటా.

తర్వాత ఆవిడే పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఇల్లు మారిన రోజే నేను లెర్నర్ లైసెన్సు తెచ్చుకున్నాను, పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలిగా. ఆవిడకి చూపు లేదు గానీ లైసెన్సు ఉంది. ఇంజను చప్పుడు విని "ఇప్పుడు మూడు వెయ్యి" అంటుంది. "ముందు ఎడమ పక్క గుంత" అంటుంది. సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఒక్కటే ఇబ్బంది. రివర్స్ ఉత్తరం ఇంకా రాలేదు. ముందుకి ఎక్కడికైనా వెళతాను. వెనక్కి రావాలంటే ఊరంతా చుట్టి రావాలి. నిన్న దాణా కొట్టు గోడకి ముక్కు ఆనించి ఆపాను. సరుకులు సర్దుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది. ఏం చేయాలో తోచక కూర్చునే ఉన్నాను. ఓనరమ్మ కూడా కూర్చునే ఉంది. చివరికి కొట్లో వాళ్ళొచ్చి కారుని చేతులతో వెనక్కి తోశారు. "గేరు కాస్త పట్టేసిందండీ" అన్నాను. "అవును, ఈ కాలంలో పట్టేస్తుంది" అంది ఓనరమ్మ.

త్వరగా రాయి.

అక్క


మే 22

అక్కా,

హ్యాండ్ బ్రేకు! అది హ్యాండ్ బ్రేకు! ముప్పై ఏళ్ళలో ప్రతి స్టూడెంటుకీ మొదట అరిచే మాట అదే. అరిచే మాట కాబట్టి రాయడానికి గుర్తురాలేదు.

రివర్స్ పాఠం పన్నెండో తారీఖునే పంపాను. పాలకేంద్రం అని రాయడానికి బదులు తొందరలో మా స్కూలు చిరునామానే రాశాను. అది తిరిగి నా దగ్గరికే వచ్చింది. మళ్ళీ రాస్తున్నాను. క్లచ్చు తొక్కి, రాడ్డుని పక్కకి తోసి వెనక్కి లాగు. యాక్సిలరేటరు ముట్టుకోకు, క్లచ్చుతోనే మెల్లగా. తల పూర్తిగా వెనక్కి తిప్పి చూడు. అద్దాన్ని నమ్మకు. స్టీరింగుని ఎటు తిప్పితే కారు తోక అటే పోతుంది.

జూన్ ఐదున నీకు లైసెన్సు పరీక్ష అని మీ మరదలికి ఫోనులో చెప్పావట. నేను వస్తున్నాను. ఆ ఇనస్పెక్టరు ముందు నా అక్క నా పాఠాలతో ఎలా నడుపుతుందో నేను చూడాలి. స్కూలు కారులో అర్ధరాత్రే బయలుదేరతాను. రోడ్డు ఎలా ఉంటుందో చెప్పకు. రోడ్ల గురించి నాకు చెప్పేదేముంది?

తమ్ముడు

వదినా, వద్దంటే వినడం లేదు. సైగలతో పోట్లాడుతున్నారు. ఆయన వచ్చి వెళ్ళాక ఏం జరిగిందో మీరే నాకు రాయాలి, ఈయన సగం మింగేస్తారు. – మరదలు


జూన్ 8

మరదలా,

మీ ఆయన ఏమీ చెప్పలేదని ఫోనులో అన్నావు. నేను చెబుతాను, కూర్చుని చదువు.

ఐదో తారీఖు పొద్దున ఎంత చూసినా మీ ఆయన రాలేదు. ముందు రోజంతా వాన. ఇక ఆలస్యమవుతుందని నేనూ ఓనరమ్మా పరీక్షకి వెళ్ళిపోయాం. పరీక్ష సంగతి ఎక్కువ రాయను. ఇనస్పెక్టరు వెనక్కి తియ్యమన్నాడు, తీశాను. అద్దాన్ని ఎందుకు చూడడం లేదని అడిగాడు. "మా తమ్ముడు నమ్మొద్దన్నాడండీ" అన్నాను. "అప్పుడప్పుడు నమ్మండి" అని సంతకం పెట్టాడు.

సంతోషంతో తిరిగి వస్తుంటే ఎదురుగా పోస్టమ్మ జీపు. ఆపి చెప్పింది. "అవతల వంపులో ఎవరో కారుతో బురదలో దిగబడిపోయాడు. ఇప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంటున్నట్టున్నాడు, కారు వెనక బోర్డు కూడా ఉంది. పాపం, కాస్త వయసు మళ్ళినవాడే. ఏమడిగినా నోరు విప్పడు, భయంతో మాట పడిపోయినట్టుంది. గరిటె ఊపుతున్నాడు."

నాకు విషయం అర్థమైంది. ఓనరమ్మకీ అర్థమైంది. నేను ఆవిడ వైపు చూడలేదు, చూస్తే నవ్వొచ్చి నడపలేను.

ఆ వంపు దగ్గర సరిగ్గా ఆపడం కుదరక దాటిపోయాను. అంచేత మీ ఆయన మొదట చూసింది, తిన్నగా వెనక్కి నడుచుకుంటూ తన దగ్గరికి వస్తున్న మా కారు వెనకభాగం. దిగి వెళ్ళాను. మోకాళ్ళదాకా బురద. కారు పక్కకి ఒరిగి ఉంది, బోర్డు మాత్రం శుభ్రంగా కనిపిస్తోంది: "నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి." పొద్దుటినుంచి దారిన పోయేవాళ్ళు ఆ బోర్డుని గౌరవించి దూరంగానే వెళ్ళారట.

ట్రాక్టరు మర్నాటికి గానీ రాదన్నారు. కారు అక్కడే వదిలి ఆయన్ని మా కారులో ఎక్కించాను. ఓనరమ్మ ముందు సీటు ఆయనకిచ్చి వెనక కూర్చుంది. "ఇతనేనా నీకు నేర్పింది?" అంది. అవునన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది. నాకు కారు రాదని ఆవిడకి మొదటి రోజే తెలుసట. తప్పు తలుపు తీసిన చప్పుడుకే తెలిసిపోయిందట.

"మరి ఇల్లెందుకిచ్చారండీ?" అన్నాను.

"ఇంతకుముందు అద్దెకొచ్చిన వాళ్ళందరికీ కారు వచ్చు. వచ్చిన ప్రతివాళ్ళూ నెల తిరక్కుండా ఇంకెక్కడికో పోయారు. నువ్వు నేర్చుకునేదాకానైనా ఉంటావనుకున్నా" అంది. మళ్ళీ ఆవిడే, "ఇప్పుడు నేర్చేసుకున్నావు. పోతావా?" అంది.

ఆవిడ దవడ అచ్చు తీసుకున్నాను, కింది సెట్టు వదులుగా ఉంది, అది పూర్తయ్యేదాకా కదలనన్నాను. ఆ తర్వాత పైది చెయ్యాలి.

మా తమ్ముడిని ఏమీ అనకు. దుస్తులు రెండుసార్లు ఉతికించు.

నీ వదిన


జూన్ 13

అక్కా,

మీ మరదలు నీ ఉత్తరాన్ని పక్కింటికి కూడా చదివి వినిపించింది. గరిటె ఊపలేదు. పోస్టమ్మని ఆగమని సైగ చేశాను, చేతిలో గరిటె ఉంది, అంతే.

నువ్వు ఆవిడకి రాయనిది ఒకటుంది. రాయనందుకు సంతోషం. నేనే నీకు రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళుగా నా చోటు పక్క సీటే. స్కూలు కారులో నా కాలి కింద కూడా ఒక బ్రేకు, అంటే రెండో బ్రేకు, ఉంటుంది. ఎవరు నడుపుతున్నా నా కుడికాలు దాని మీదే. ఇంట్లో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నా ఆ కాలు నేలని నొక్కుతూ ఉంటుందని మీ మరదలు అంటుంది. మీ మరదలు తమ్ముడి కారెక్కినా, టాక్సీ ఎక్కినా, బస్సెక్కినా కన్ను మూతపడదు. ప్రతి మలుపూ నేనే తిప్పుతాను, మనసులో.

మీ కారులో రెండో బ్రేకు లేదు. గరిటె నా కారులోనే మర్చిపోయాను. మాట ఎలాగూ లేదు. మొదటి మలుపు వచ్చింది, నా కాలు నేలని నొక్కింది. నువ్వు అప్పటికే వేగం తగ్గించావు. రెండో మలుపుకీ అంతే. మూడోది నాకు గుర్తులేదు.

నేను నిద్రపోయాను అక్కా. కదులుతున్న కారులో, ఇంకొకరు నడుపుతుంటే. ఇది స్కూల్లో ఎవరికైనా తెలిస్తే నా పరువు పోతుంది.

ఒక సందేహం. కళ్ళు మూసుకున్నప్పుడు పొలాల మీద మంచి ఎండ ఉంది. లేచేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు. అక్కడినుంచి ఇల్లు పక్కనే అని పోస్టమ్మ అంది. దారి తప్పావా? తప్పితే సిగ్గుపడకు. దారి గుర్తుపెట్టుకోవడం ఎలాగో వచ్చే ఉత్తరంలో వివరంగా రాస్తాను.

తమ్ముడు


జూన్ 20

ఒరేయ్ చంటీ,

దారి తప్పలేదు.

పక్కకి చూసేసరికి నీ తల కిటికీకి ఆనుకుని ఉంది. నోరు తెరుచుకుని ఉంది. కింద ఎడమవైపు చివరి పన్ను పుచ్చింది, చూపించుకో. మొదట కళ్ళు తిరిగాయేమోనని నాకు భయమేసింది. ఓనరమ్మ వెనకనుంచి ముందుకి వంగి కాసేపు నీ ఊపిరి వింది. "పడుకున్నాడు" అంది.

ఇంతలో ఇల్లు వచ్చేసింది. గేటు తీసే ఉంది. వేగం తగ్గించాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంజను ఆపితే లేస్తాడు" అంది.

ఆపలేదు. గేటు దాటి పోనిచ్చాను. పాలకేంద్రం వెనక మట్టిరోడ్డు, వంతెన, అవతలి పొలాలు, మళ్ళీ మన గేటు. అదీ దాటేశాను. ఎన్ని చుట్లు తిరిగానో చూసుకోలేదు. ఓనరమ్మ ప్రతి గుంతా నా చెవిలో గుసగుసగా చెబుతూనే ఉంది. ఒక్కదాంట్లోనూ పడకుండా నడిపాను. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా నీకు చప్పుడు వినపడకూడదని క్లచ్చు ఎంత మెల్లగా వదిలానో నీకు తెలీదు.

పెట్రోలు ముల్లు అడుక్కి వచ్చాక తప్పక గేటు లోపలికి తిప్పి ఆపాను. నువ్వు కళ్ళు నులుముకుని, చుట్టూ చూసి, చేత్తో అడిగావు, ఇల్లొచ్చేసిందా అని.

"ఇప్పుడే వచ్చాంరా" అన్నాను.

అక్క